కాందిశీకుడి దిక్కు

హైదరాబాదులో తెలుగు పత్రిక చదివేవాళ్లకు ‘కాందిశీకుల భూములు’ అనే మాట కొత్త కాదు. దేశ విభజన రోజుల్లో పాకిస్తాన్‌కు వెళ్లిపోయినవాళ్లు ఇక్కడ వదిలిన భూములవి. 1950 నాటి చట్టం వాటిని ప్రభుత్వ సంరక్షణలో పెట్టింది. వాటి మీద తగాదాలు ఇంకా తెగలేదు. అదే పత్రికలో ఇంకో పేజీ తిప్పితే, బాలాపూర్ వైపు గుడిసెల్లో తలదాచుకున్న రొహింగ్యాల వార్త కనిపిస్తుంది. అక్కడ వాళ్లూ కాందిశీకులే.

వెళ్లిపోయినవాడూ కాందిశీకుడే, వచ్చిపడ్డవాడూ కాందిశీకుడే. ఇంగ్లీషువాళ్లు మొదటివాణ్ణి ఎవాక్యుయీ అంటారు, రెండోవాణ్ణి రెఫ్యూజీ అంటారు. మనం ఇద్దరికీ ఒకే మాట సరిపెట్టాం. ఇది తర్జుమా చేసినవాళ్ల తొందరపాటని చాలాకాలం అనుకున్నాను. మాటను విప్పి చూశాక అభిప్రాయం మార్చుకున్నాను.

అమరకోశం దృష్టిలో కాందిశీకుడంటే భయంతో పరుగెత్తేవాడు. ఆ పరుగు వెనక ఏముందో వ్యుత్పత్తి చెప్పినవాళ్లు వివరించారు. ‘కాం దిశం యామి?’, అంటే ‘ఏ దిక్కుకు పోను?’ అనుకుంటూ పరుగెత్తేవాడు కాబట్టి కాందిశీకుడు. ఇక్కడ ఒక చిన్న విశేషం ఉంది. మామూలుగా రెండు పదాలు కలిసి సమాసమైతే మొదటిదాని విభక్తి జారిపోవాలి. ఈ మాటలో ‘కాం’ తన ద్వితీయా విభక్తిని వదల్లేదు. భయపడ్డవాడి నోట వచ్చిన ప్రశ్నను వ్యాకరణం దిద్దకుండా, వచ్చినది వచ్చినట్టే దాచిపెట్టింది. ఆ ప్రశ్నకే ఒక ప్రత్యయం తగిలించి మనిషికి పేరు పెట్టారు.

అందుకే ఈ పేరు అతడు ఎక్కడినుంచి వచ్చాడో చెప్పదు, ఎక్కడికి చేరాడో చెప్పదు. ఇల్లు వదిలిన క్షణానికీ ఇంకో గడప ఎక్కే క్షణానికీ మధ్య అతడి నోట మెదిలే ప్రశ్న ఒక్కటే చెబుతుంది. నాంపల్లి స్టేషన్లో రైలెక్కి కరాచీ వైపు కదిలినవాడిదీ అదే ప్రశ్న, సింధు నుంచి వచ్చి దిగినవాడిదీ అదే ప్రశ్న. తెలుగు పత్రికలు పొరపడలేదు.

ప్రశ్నలోంచి పుట్టిన పేర్లు ఇంకా ఉన్నాయి. కింకరుడనే మాటను ‘కిం కరోమి?’ అని విప్పి చెప్పడం మన సంప్రదాయంలో ఉన్నదే. ‘ఏం చేయను?’ అని చేతులు కట్టుకుని అడిగేవాడు కింకరుడు. మన వాడుకలో పాపం యముడి కొలువులో తప్ప అతడికి చోటు మిగల్లేదు. ‘ఏమంటున్నారు?’ అన్నది కింవదంతి. కిన్నరుడి పేరు మరీ విచిత్రం: ‘ఇతడు నరుడేనా?’ అన్న అనుమానమే ఆ పేరు. మనిషి దేహానికి గుర్రం తల ఉందని చెప్పే ఆ దేవజాతిని చూసినవాడికి అలాంటి సందేహం రావడం సహజమే.

సరిహద్దు దగ్గర వీటిలో మూడు ప్రశ్నలు ఎదురుబొదురుగా నిలబడతాయి. వచ్చినవాడు ‘ఏ దిక్కు?’ అంటాడు. ఎదుట నిలబడ్డ రాజ్యం ‘ఏం చేయాలి?’ అని తనను తాను అడుక్కోవచ్చు, ‘వీడు మనిషేనా?’ అని అతణ్ణి ఎగాదిగా చూడనూ వచ్చు.

దిక్కు అన్న మాటకు మూలం ‘దిశ్’ ధాతువు. చూపించడం, వేలుపెట్టి చెప్పడం దాని పని. ధాతుపాఠంలో దీనికిచ్చిన అర్థం ‘అతిసర్జనం’. వ్యాఖ్యాతలు దాన్ని ఇవ్వడం, దానం అని వివరించారు. చూపడమూ ఇవ్వడమూ ఒకే ధాతువులో ఉన్నాయి. దీని సంతానం పెద్దది: ఆదేశం, ఉపదేశం, నిర్దేశం, ఉద్దేశం. అన్నిటికన్నా ముఖ్యంగా దేశం. ‘ఇదిగో, ఇక్కడ’ అని చూపగలిగిన చోటు దేశం. దాన్ని దాటితే విదేశం. అంటే దేశమూ, విదేశమూ, వాటి మధ్య పరుగెత్తే కాందిశీకుడూ ఒకే తల్లి బిడ్డలు.

ఈ ధాతువు చుట్టాలు పడమరన కూడా ఉన్నారు. లాటిన్‌లో చెప్పడానికి ‘దీకెరె’, జర్మన్‌లో చూపడానికి ‘త్సైగెన్’, ఇంగ్లీషులో నేర్పడానికి ‘టీచ్’ ఈ కుటుంబంవే. గ్రీకు చుట్టం అందరికన్నా గొప్ప పదవికి చేరింది. అక్కడ ‘దికే’ అంటే న్యాయం. మనకు దిక్కు చూపిన మాట వాళ్లకు న్యాయదేవత పేరైంది. చూపినదారిన నడవడమే న్యాయమన్న ఊహ ఈ ప్రయాణంలో ఎక్కడో పుట్టి ఉండాలి.

తెలుగు ఈ మాటను వేరే దారిలో నడిపించింది. సంస్కృతంలో దిక్కు ప్రధానంగా దిక్కే. తెలుగులో అది మనిషి కూడా అయింది. ‘నాకు నువ్వే దిక్కు’ అంటాం. దిక్కులేనివాడు అంటే దిక్సూచి లేనివాడు కాదు, ఆదుకునేవాడు లేనివాడు. దిక్కూ మొక్కూ లేదంటాం, దేవుడే దిక్కంటాం. దిక్కుమాలినవాడన్నది తిట్టుగా మారడం మాత్రం మన భాష చేసిన అన్యాయం. ఆసరా లేకపోవడం అతడి దుఃఖం, తప్పు కాదు. ‘గతి’ కూడా ఇదే దారి తొక్కింది. నడక అన్న అర్థం నుంచి ‘నీవే గతి’ దాకా వచ్చింది. దారి తప్పినవాడికి దారి చూపినవాడే దారి. తెలుగువాడు ఆ అనుభవాన్ని రూపకంగా కాక మామూలు మాటగా వాడుకున్నాడు.

కాబట్టి కాందిశీకుడి సంస్కృత ప్రశ్న తెలుగు చెవిన పడగానే అర్థం మారుతుంది. అతడు అడిగింది తూర్పా పడమరా అని. మనకు వినిపించేది ‘నాకెవరు దిక్కు?’ అని. మొదటి ప్రశ్నకు పటం చూపిస్తే సరిపోతుంది. రెండో ప్రశ్నకు ఎవరో ఒకరు ‘నేను’ అనాలి. అనడం ఇష్టం లేనివాడి కోసం తెలుగులో ఇంకో నుడికారం సిద్ధంగా ఉంది: ‘నీ దిక్కున్నచోట చెప్పుకో’.

1939 మే 13న హాంబర్గ్ రేవు నుంచి సెంట్ లూయీ అనే ఓడ కదిలింది. అందులో 937 మంది ప్రయాణికులు, దాదాపు అందరూ నాజీల నుంచి తప్పించుకున్న యూదులు. క్యూబాకు వెళ్లాలని వాళ్ల చేతుల్లో పత్రాలున్నాయి. హవానాలో ఇరవై ఎనిమిది మందిని దిగనిచ్చి తక్కినవాళ్లను ఆపేశారు. ఓడ ఫ్లోరిడా తీరం వెంబడి తిరిగింది, మయామీ దీపాలు కనిపించేంత దగ్గరగా. అమెరికా ఒప్పుకోలేదు, కెనడా ఒప్పుకోలేదు. కెప్టెన్ గుస్తావ్ ష్రోడర్ వాళ్లను తిరిగి జర్మనీలో దింపనని పట్టుబట్టాడు. చివరికి బెల్జియం, హాలండ్, ఫ్రాన్స్, బ్రిటన్ తలా కొందరిని తీసుకున్నాయి. తర్వాత జర్మన్ సైన్యం మొదటి మూడు దేశాల్లోకీ వచ్చింది. ఆ ప్రయాణికుల్లో 254 మంది హోలోకాస్ట్‌లో చనిపోయారు. మన పెద్దలు అష్టదిగ్బంధనం అన్న మాటను మంత్రశాస్త్రంలో వాడేవారు. ఆ ఓడకు పడింది అదే. ఎనిమిది దిక్కులూ ఉన్నాయి, ఒక్క దిక్కూ లేదు. ఒక్కొక్క దేశమూ తన వలస చట్టాన్ని అక్షరాలా పాటించింది.

తన చట్టం, తన లాభం, తన భద్రత చూసుకోవడమే దేశం పని అంటారా? ఇక్కడ ‘విదేశాంగ విధానం’ అన్న మాటనే కాస్త తిప్పి చూడాలి. హిందీలో దీన్ని ‘విదేశ్ నీతి’ అంటారు. ఢిల్లీ వార్తలు వినే తెలుగువాడికి ఆ మాట ఒక క్షణం ఆగి ఆలోచించేలా చేస్తుంది, ఎందుకంటే మనకు నీతి అంటే మంచి నడవడి. సంస్కృతంలో ‘నీ’ ధాతువు నడిపించడాన్ని చెబుతుంది. నీతి అంటే నడిపే నేర్పు, ఉపాయం. కౌటిల్యుడి పక్షం అది. అతడు చెప్పిన ఆరు రాజనీతి గుణాల్లో ‘సంశ్రయం’ ఒకటి. బలం లేని రాజు బలవంతుణ్ణి ఆశ్రయించడం దాని అర్థం. ఆశ్రయం అడిగేవాడి లెక్కలు అక్కడ బాగా చెప్పారు. ఇచ్చేవాడి కర్తవ్యం ఆ ఆరింటిలోకి రాలేదు.

తెలుగువాళ్లం ‘విధానం’ అన్నాం. అందులో ‘వి’ ఉపసర్గతో ‘ధా’ ధాతువు ఉంది. విధి కూడా అక్కడినుంచే వచ్చింది. విధి అంటే నుదుటి రాత అని మనకు మొదట తోచినా, ‘విధి నిర్వహణ’ అన్నప్పుడు అది కర్తవ్యం. మీమాంసకులకైతే విధి అంటే వేదం చేయమని చెప్పిన మాట. వాళ్లు కర్మలను నిత్యం, నైమిత్తికం, కామ్యం అని విడదీశారు. ఫలం కోరి చేసేది కామ్యం. రోజూ చేయవలసింది నిత్యం. ఏదో ఒకటి జరిగినప్పుడు, గ్రహణం పట్టినప్పుడు స్నానం చేసినట్టు, ఆ సందర్భమే మనతో చేయించేది నైమిత్తికం. దాన్ని ఎప్పుడు చేయాలో మనం ఎంచుకోలేం.

గడప ముందు కాందిశీకుడు నిలబడటం కూడా అలాంటి నిమిత్తమే. మనకు వీలైన రోజు చూసుకుని అతడు రాడు.

ఫలం చూపకపోతే మనిషి కదులుతాడా అన్నదానిమీద మీమాంసకుల్లోనే రెండు పక్షాలున్నాయి. ప్రయోజనం తెలియనిదే ఎవడూ పనికి పూనుకోడని కుమారిల భట్టు పక్షం. ‘ఇది నేను చేయవలసింది’ అన్న బుద్ధి పుడితే చాలు, అదే కదిలిస్తుందని ప్రభాకరుడి పక్షం. వెయ్యేళ్లు దాటాక జర్మనీలో ఇమ్మాన్యుయెల్ కాంట్ దాదాపు ప్రభాకరుడి పక్కన నిలబడ్డాడు. ఫలం కోసం చేసిన మంచి పని కర్తవ్యానికి అనుగుణంగా ఉండవచ్చు గానీ, కర్తవ్యంగా చేసింది కాదన్నాడు.

కాంట్ 1795లో శాశ్వత శాంతి గురించి ఒక చిన్న పుస్తకం రాశాడు. పరదేశి మన నేలమీద కాలు పెట్టినంత మాత్రాన శత్రువుగా చూడకూడదని, అది దయ కాదు, హక్కు అని అందులో వాదించాడు. అతణ్ణి పంపేయవచ్చు, కానీ ఆ పంపడం వల్ల అతడి ప్రాణం పోయే పరిస్థితి ఉండకూడదు. ఇందుకు అతడిచ్చిన కారణాల్లో ఒకటి నాకు చాలా ఇష్టం: భూమి గుండ్రంగా ఉంది. మనుషులు అంతులేకుండా దూరదూరంగా చెదిరిపోలేరు, ఎటు వెళ్లినా చివరికి ఒకరి పక్కన ఒకరు బతకక తప్పదు. ‘ఏ దిక్కు?’ అన్న ప్రశ్నకు ఇంతకన్నా శాస్త్రీయమైన జవాబు ఉందా? గోళం మీద ఏ దిక్కుకు వెళ్లినా మనిషి దగ్గరికే చేరతాం. ఇది రాసిన కాంట్ జీవితమంతా క్యోనిగ్స్‌బెర్గ్ పరిసరాలు దాటలేదు. రెండో ప్రపంచయుద్ధం తర్వాత ఆ ఊరు సోవియట్ల చేతికి వెళ్లి కలీనిన్‌గ్రాద్ అయింది, అక్కడి జర్మన్లు ఇళ్లు వదిలి వెళ్లవలసి వచ్చింది. కాంట్ ఊరివాళ్లే కాందిశీకులయ్యారు.

1951 నాటి కాందిశీకుల ఒప్పందంలో 33వ అధికరణ ఆ పాత వాదానికి చట్టరూపం: ప్రాణానికో స్వేచ్ఛకో ముప్పున్న చోటికి ఎవర్నీ తిప్పికొట్టకూడదు. భారతదేశం ఆ ఒప్పందం మీద సంతకం చేయలేదు. అయినా మన రాజ్యాంగంలో ప్రాణరక్షణ ఇచ్చిన 21వ అధికరణ ‘పౌరుడు’ అనలేదు, ‘వ్యక్తి’ అంది. 1996లో అరుణాచల్ ప్రదేశ్‌లోని చక్మా కాందిశీకుల కేసులో సుప్రీంకోర్టు ఆ మాటను పట్టుకునే తీర్పు చెప్పింది. పౌరుడైనా కాకపోయినా మనిషి ప్రాణం కాపాడటం రాజ్యం పని అంది. 2021లో రొహింగ్యాల విషయంలో మాత్రం, నిర్ణీత పద్ధతి పాటించకుండా పంపకూడదని చెప్పి ఊరుకుంది, పంపడాన్ని ఆపలేదు. మొదటి తీర్పు ‘ఏం చేయాలి?’ అన్న ప్రశ్నకు జవాబు. రెండోది ఎలా చేయాలన్నదానికే జవాబు. ఈ తేడా నన్ను బాధిస్తుంది.

మన చరిత్రలో మంచి జవాబులు లేకపోలేదు. 1942లో సోవియట్ నేల మీంచి బయటపడ్డ పోలండ్ పిల్లలు వందల సంఖ్యలో గుజరాత్ తీరానికి చేరారు. వాళ్లలో చాలామంది అనాథలు. నవానగర్ సంస్థానాధీశుడు జామ్ సాహెబ్ తన వేసవి విడిదికి దగ్గర్లో, బాలాచడీలో, వాళ్లకు శిబిరం కట్టించాడు. తానే వాళ్లకు బాపునని చెప్పాడట. యుద్ధం మధ్యలో, తన సంస్థానానికి ఏ లాభమూ తెచ్చిపెట్టని పని అది. ఆయన పేరు దిగ్విజయ సింహ్. దిగ్విజయమంటే దిక్కులన్నీ గెలవడం, పూర్వపు రాజుల విదేశాంగ విధానమంతా ఆ ఒక్క మాటలో ఉండేది. ఈ దిగ్విజయుడు ఏ దిక్కునూ గెలవలేదు, దిక్కులేని పిల్లలకు దిక్కయ్యాడు. వార్సాలో ఇప్పుడు ఆయన పేర ‘మంచి మహారాజు కూడలి’ ఉంది.

చెడ్డ జవాబులూ ఉన్నాయి. 1964 అక్టోబరులో మన ప్రధాని లాల్ బహదూర్ శాస్త్రి, సిలోన్ ప్రధాని సిరిమావో బండారనాయకే ఒక ఒప్పందం చేసుకున్నారు. తేయాకు తోటల్లో తరతరాలుగా పనిచేస్తున్న తమిళులు 9,75,000 మంది. వాళ్లలో 5,25,000 మంది భారతదేశానికి, 3,00,000 మంది సిలోన్‌కు, మిగిలిన 1,50,000 మంది సంగతి తర్వాత చూద్దాం అని పంచుకున్నారు. శాస్త్రి సాధువైన మనిషి, ఇరుగుపొరుగుతో స్నేహం కోరినవాడు. కానీ ఈ లెక్కలో మనుషులు ఆ స్నేహానికి చెల్లించిన మూల్యమయ్యారు. ‘ఏ దిక్కు?’ అని వాళ్లు అడగకముందే రెండు ప్రభుత్వాలు దిక్కు నిర్ణయించేశాయి. మనిషిని పనిముట్టుగా వాడకూడదన్న కాంట్ సూత్రానికి ఇంతకన్నా స్పష్టమైన ఉల్లంఘన మన దౌత్య చరిత్రలో నాకు కనిపించదు.

తెలుగువాళ్లకు కాందిశీకుడన్న మాట పుస్తకాల్లోంచి వచ్చింది కాదు. రంగూన్ రేవులో బరువులు మోసిన తెలుగువాళ్లను అక్కడ కోరంగీలు అనేవారు, కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరుమీద. 1941 డిసెంబరు 23న జపాన్ బాంబులు రంగూన్ మీద పడ్డాక లక్షలమంది భారతీయులు కొండలూ అడవులూ పట్టి మణిపూర్, అస్సాం వైపు నడిచారు. దారిలో రాలిపోయినవాళ్లకు లెక్క లేదు. తెల్లవాళ్లకు ఒక దారి, నల్లవాళ్లకు ఇంకో దారి కేటాయించారన్న ఆరోపణ అప్పట్లో పెద్ద దుమారం లేపింది. దిక్కు ఒకటే అయినా దారులు రెండు. మళ్లీ 1964లో నె విన్ ప్రభుత్వం దుకాణాలు జాతీయం చేశాక ఇంకో తరం ఓడలెక్కింది. విశాఖ కంచరపాలెంలో ‘బర్మా క్యాంపు’ ఇప్పటికీ ఊళ్లో ఒక పేట పేరు. సర్కారు కాగితాల్లో వాళ్లు రిపాట్రియేట్లు, పితృదేశానికి తిరిగొచ్చినవాళ్లు. రంగూన్లో పుట్టినవాడికి విశాఖ ఏ లెక్కన తిరిగి రావడం? జనం వాళ్లను బర్మా కాందిశీకులన్నారు. కాగితం కన్నా జనం మాట నిజాయతీగా ఉంది.

1971 సంగతి కొంచెం చిక్కైనది. మార్చి 25 రాత్రి ఢాకాలో పాకిస్తాన్ సైన్యం మారణకాండ మొదలుపెట్టింది. డిసెంబరు నాటికి సరిహద్దు దాటి వచ్చినవాళ్లు దాదాపు 99 లక్షలు. బొన్‌గావ్‌లో కలరా విజృంభించి సెలైన్ సీసాలు అయిపోతే, డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు, సోడా కలిపిన నీళ్లు నోటితో తాగించి వేలమందిని బతికించాడు. మా ఇంట్లో పాత ఉత్తరాల కట్టలో ఆనాటి కవర్లు కొన్ని ఉన్నాయి. మామూలు బిళ్ల పక్కన ఇంకో 5 పైసల బిళ్ల, దానిమీద హిందీలో ‘శరణార్థీ సహాయతా’ అని అచ్చు. ఆ నవంబరు 15 నుంచి ఉత్తరం రాసేవాళ్లు అదనంగా ఆ బిళ్ల అంటించవలసి వచ్చింది. పెళ్లి కబురు రాసినా, పంట కబురు రాసినా, ఎవరో తెలియని ఒక బెంగాలీ కుటుంబానికి 5 పైసలు వెళ్లేవి.

అంతా వ్యూహమే, పాకిస్తాన్‌ను చీల్చడానికే భారతదేశం తలుపు తెరిచిందని అనేవాళ్లున్నారు. డిసెంబరు యుద్ధంలో వ్యూహం లేదని నేనూ అనను. కానీ ఏప్రిల్లో చీరకొంగులో బిడ్డను కట్టుకుని వచ్చినామెను లోపలికి రానిచ్చిన రోజున డిసెంబరు ఎవరికీ తెలియదు. కర్తవ్యమూ లాభమూ కలిసిపోయాయని మొదటిదాన్ని కొట్టేయడం నాకు సమ్మతం కాదు. వాల్మీకి రాముడు విభీషణుణ్ణి చేర్చుకునేటప్పుడు జరిగిన చర్చ చూడండి. సుగ్రీవుడు భద్రత సంగతి ఎత్తుతాడు: శత్రువు తమ్ముడు, వేగులవాడు కావచ్చు. రాముడు ముందు రాజనీతితోనే జవాబిస్తాడు: రాజ్యం కావాలనుకునే తమ్ముడు అన్నను విడిచి రావడం నమ్మదగిందే. ఆ తర్వాత ఇంకో మెట్టెక్కుతాడు. అతడు చెడ్డవాడైనా సరే, శరణు అన్నాక కాదనడం తన వ్రతానికి విరుద్ధమంటాడు. కామ్యం అక్కడ ఆగిపోయింది, విధి మిగిలింది.

ఆ శరణు అన్న మాట గురించి ఒక్క విషయం. అమరుడు శరణానికి రెండు అర్థాలిచ్చాడు, ఇల్లు, రక్షించేవాడు. దిక్కులాగే ఇదీ చోటు నుంచి మనిషిగా మారిన మాట. శరణం అర్థించేవాడు శరణార్థి. ఈమధ్య పత్రికల్లో కాందిశీకుణ్ణి ఈ మాట చాలావరకు తోసేసింది. పలకడానికి సులువే, రాయడానికీ సులువే. కాందిశీకుణ్ణి కాందీశీకుడని రాసి దీర్ఘం పెంచేవాళ్ల బాధ కూడా తప్పింది. కానీ శరణార్థి చేయి చాచినవాడు, కాందిశీకుడు ప్రశ్న వేసినవాడు. విభజన తర్వాత ఢిల్లీ చేరిన పంజాబీలు తమను శరణార్థులనడం సహించలేక పురుషార్థులమని చెప్పుకున్నారు. వాళ్ల అభిమానం నాకు అర్థమవుతుంది.

అయితే తెలంగాణ పల్లెల్లో ఈ శరణార్థికి ఇంకో బతుకు ఉంది. వీరశైవుల ‘శరణు శరణార్థి’ నోళ్లలో నలిగి నలిగి ‘శనార్తి’ అయింది. పొద్దున్నే దారిలో ఎదురుపడ్డ పెద్దాయనకు ‘శనార్తులు పటేలా’ అంటే, ఆయనా రెండు చేతులెత్తి ‘శనార్తులు బిడ్డా’ అంటాడు. ఇద్దరూ శరణు కోరినవాళ్లే, ఇద్దరూ ఇచ్చినవాళ్లే. ఆ పలకరింపు అయ్యాక ఎవరి దారిన వాళ్లు పొలానికి పోతారు.